రుషికొండ – మంగమారిపేట రాళ్ళ వెంబడి డ్రిఫ్ట్ డైవింగ్: మధ్యలో కనిపించే చిన్న గుహల్లోకి వెళ్ళవచ్చునా?

ప్రశ్న – సాగర్‌నగర్ వాసి

అందరికీ నమస్కారం. స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ కోర్సులు రెండూ అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో పూర్తి చేశాను. మన విశాఖ తీరంలో మాత్రం ఇప్పటివరకు దిగినదంతా లంగరు వేసిన పడవ నుంచే. లంగరు తాడు పట్టుకొని కిందికి దిగటం, ఆ రాతి చుట్టూ తిరగటం, మళ్ళీ అదే తాడు వెంట పైకి రావటం, ఇంతే. ఈ చలికాలంలో మిత్రులం నలుగురం మరో పద్ధతిలో దిగాలనుకుంటున్నాం. రుషికొండకు ఉత్తరాన, ఒడ్డుకు సమాంతరంగా మునిగి ఉన్న రాళ్ళ వరుసకు ఒక కొసన దిగి, ప్రవాహం ఎటు తీసుకువెళితే అటు సాగి, ఎక్కడ తేలితే అక్కడ పడవ ఎక్కే డ్రిఫ్ట్ డైవ్ చేయాలన్నది మా ఆలోచన. లోతు 8 నుంచి 12 మీటర్లకు మించదు.

ఆ రాళ్ళ అడుగున అలలు తొలిచిన గూళ్ళు, బొరియలు చాలా ఉన్నాయి. కొన్ని మనిషి భుజాల వెడల్పు మాత్రమే ఉంటాయి. కొన్నింటికి అవతలి వైపు కూడా నోరు ఉండటం వల్ల, ఇటు నుంచి తొంగిచూస్తే అటువైపు పచ్చని వెలుగు కనిపిస్తుంది. బయటి నుంచే టార్చి వేసి చూసినప్పుడు, పైకప్పుకు పొట్ట ఆనించి తలకిందులుగా నిలిచిన లయన్‌ఫిష్ ఒకటి, దాని వెనుక చీకట్లో కదలకుండా గుంపుగా ఉన్న చిన్న ఎర్ర చేపలు కనిపించాయి. అసలు చూడవలసినదంతా ఆ లోపలే ఉన్నదని మా మిత్రుడొకడు పట్టుబడుతున్నాడు.

ప్రవాహం ఏ నెలల్లో ఎటు సాగుతుంది? తాడు లేకుండా దిగినప్పుడు చేపల వేటకు వెళ్ళే ఫైబర్ పడవ మమ్మల్ని ఎలా కనిపెట్టుకొని ఉండగలదు? ఈ గుహల్లోకి ఒక్కొక్కరుగా వెళ్ళి రావటం మా స్థాయి డైవర్లకు తగినదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు – డైవింగ్ శిక్షకుడు, రుషికొండ

మీ మూడవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా ఏర్పాట్లన్నీ దాని మీద ఆధారపడి ఉంటాయి. డ్రిఫ్ట్ డైవ్ మధ్యలో ఏ గుహలోకీ వెళ్ళకండి. గుహ చూడాలనుకుంటే ప్రవాహం దాదాపు లేని రోజున, లంగరు వేసిన పడవ నుంచి, ఆ ఒక్క రాతి కోసమే ప్రత్యేకంగా దిగండి. ప్రవాహంతో సాగే డైవ్‌లో మీ ప్రాణాధారం పడవే. మీరు ఎక్కడ ఉన్నారో దానికి తెలుస్తున్నంతసేపే మీరు క్షేమం. గుహలో అడుగుపెట్టిన మరుక్షణం ఆ సంబంధం తెగిపోతుంది.

ఇది భయపెట్టటానికి చెబుతున్న మాట కాదు, లెక్క వేసి చూడండి. ఒక నాట్ వేగమంటే గంటకు 1.85 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు అర మీటరు. ఫిన్స్ (పాదాలకు తొడిగే ఈత రెక్కలు) వేసుకున్న మంచి ఈతగాడు కూడా దానికి ఎదురు ఈది కొద్ది నిమిషాలకు మించి నిలవలేడు. అందులో సగం, అర నాట్ ప్రవాహం ఉందనుకుందాం. నీటిలో ఉన్నవారికి అది చాలా హాయిగా, నెమ్మదిగా తోస్తుంది. అయినా నిమిషానికి 15 మీటర్లు మోసుకుపోతుంది. మన తీరంలో చాలా రోజుల్లో ఉండే 5 మీటర్ల కనుచూపులో, గుహ నోరు కంటపడినప్పటి నుంచి దాని పక్కకు చేరటానికి మీకు 20 సెకన్ల వ్యవధి ఉంటుంది. ఒకరు లోపలికి దూరి రెండు నిమిషాలు గడిపితే, బయట ఉన్న ముగ్గురూ, వారు తాడుతో పట్టుకొని సాగే బోయా (డైవర్లు ఎక్కడ ఉన్నదీ పడవకు తెలిపేందుకు నీటి మీద తేలే గుర్తు), ఆ బోయాను చూసుకొంటూ వచ్చే పడవ, అన్నీ 30 మీటర్లు అవతలికి వెళ్ళిపోయి ఉంటాయి. బయటికి వచ్చిన మనిషికి ఎవరూ కనిపించరు, ఎవరికీ ఆయన కనిపించడు. ‘మేము రాయి పట్టుకొని ఆగుతాం’ అని మీ మిత్రుడు అనవచ్చు. ఆ రాళ్ళ మీద పట్టు దొరికే ప్రతిచోటా ఆలిచిప్పలో, ముళ్ళ సీఅర్చిన్లో, చిన్న పగడాలో ఉంటాయి. చేయి తెగటం ఒక నష్టమైతే, ఏళ్ళ తరబడి పెరిగిన పగడం విరగటం అంతకంటే పెద్ద నష్టం. పైగా బోయాను గాలి లాగుతూనే ఉంటుంది కనుక దాని తాడు పట్టుకున్న మనిషి ఒక్కచోట ఎక్కువసేపు నిలవలేడు.

రెండవ విషయం అలల ఊపు. పది సెకన్లకు ఒకటి చొప్పున మీటరు ఎత్తు అలలు వస్తున్నాయనుకుంటే, 8 మీటర్ల లోతున అడుగు నీరు సుమారు ఒకటిన్నర మీటరు ముందుకు వెళ్ళి అంతే దూరం వెనక్కి వస్తుంది. ఆ కదలిక మధ్యలో నీటి వేగం దాదాపు ఒక నాట్‌కు చేరుతుంది. ఆరుబయట అయితే నీటితో పాటే ఊగుతూ పోవచ్చు. భుజాల వెడల్పు బొరియలో అదే నీరు ఇరుకున పడి మరింత జోరుగా దూసుకుపోతుంది, మనిషిని సిలిండర్‌తో సహా పైకప్పుకు కొడుతుంది. రెండు వైపులా నోరు ఉన్న బొరియ మరీ సురక్షితమని చాలామంది అనుకుంటారు. అలలు ఉన్న రోజున దానిలోనే నీటి తోపు ఎక్కువ.

లోతు తక్కువే కదా అన్న ధీమా కూడా వద్దు. పైకి వచ్చేటప్పుడు 10 మీటర్ల నుంచి ఉపరితలానికి చేరేలోగా ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు అవుతుంది. అంతే లోతు తేడా 30 మీటర్ల దగ్గర ఇంత మార్పు తేదు. భయంతో ఊపిరి బిగబట్టిన మనిషిని అల ఒక్కసారి మీటరున్నర పైకి ఎత్తినా ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. తల మీద రాతి కప్పు ఉంటే, ఆపద వచ్చినప్పుడు నేరుగా పైకి వచ్చే వీలు కూడా ఉండదు. అందుకే పైకప్పు ఉన్న చోట్లకు ప్రత్యేక శిక్షణ ఉంది. పగటి వెలుగు అందే మేరకే వెళ్ళటం, లోతును కూడా కలుపుకొని ఉపరితలం నుంచి మొత్తం దూరం 40 మీటర్లు దాటకపోవటం, మొదటి నుంచి చివరి వరకు దారి తాడు పరచటం, గాలిలో మూడవ వంతు మాత్రమే లోపలికి వెళ్ళటానికి వాడటం అందులో నేర్పే కనీస నియమాలు. మీ రెండు కోర్సులతో ఆ శిక్షణ వచ్చినట్టు కాదు.

ఇక మన రాళ్ళకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది: తెగిపోయిన వలలు. రాతికి చిక్కుకొని వదిలేసిన నైలాన్ వల అలల తోపుకు బొరియల్లోకి చేరి, చీకట్లో పొరలు పొరలుగా పేరుకుంటుంది. బయట ఉన్న వల కనిపిస్తుంది, లోపల ఉన్నది సిలిండర్ వాల్వుకు తగులుకున్నాకే తెలుస్తుంది. డ్రిఫ్ట్ డైవ్‌లో కూడా ప్రతి ఒక్కరి దగ్గరా తాడు కోసే చిన్న కట్టర్, ఏ చేతికైనా అందే చోట ఉండి తీరాలి.

డ్రిఫ్ట్ డైవ్ మాత్రం మీరు చేయదగినదే. నలుగురూ ఒకేసారి నీటిలోకి దిగి వెంటనే కిందికి వెళ్ళండి. ఒకరు పైన కళ్ళద్దాలు సర్దుకుంటూ ఉండిపోతే పైనీటి ప్రవాహం, అడుగు ప్రవాహం వేరువేరుగా ఉండి బృందం అక్కడే విడిపోతుంది. బోయా తాడు బృంద నాయకుడి చేతిలోనే ఉండాలి, ఒంటికి కట్టుకోకూడదు. ఎవరి సిలిండర్‌లోనైనా గాలి ఒత్తిడి 70 బార్‌కు తగ్గితే అందరూ కలిసి పైకి బయలుదేరి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, బోయా పక్కనే తేలాలి. ఎవరైనా కనిపించకుండా పోతే ఒక్క నిమిషం వెతికి, దొరకకపోతే అందరూ పైకి వచ్చేయాలి. ఈ ఒక్క నిమిషం నియమాన్ని గుహలోకి వెళ్ళిన మనిషి ఎలా పాటించగలడో మీ మిత్రుణ్ణి అడగండి.

జవాబు – విశ్రాంత సముద్రశాస్త్ర అధ్యాపకుడు

శిక్షకులు గారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ప్రవాహం సంగతి కొంత చెబుతాను.

మన తూర్పు తీరం వెంబడి సాగే పెద్ద ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరానికి, అంటే భీమిలి మీదుగా కళింగపట్నం వైపు సాగుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణానికి, కాకినాడ వైపు సాగుతుంది. ఆ దక్షిణ ప్రవాహం బంగాళాఖాతం ఉత్తర భాగంలో నదులు కలిపిన ఉప్పు తక్కువ నీటిని మోసుకువస్తుంది. మీరు ఎంచుకున్న చలికాలం సరిగ్గా ఈ మలుపు దగ్గర పడుతుంది. అందువల్ల సంక్రాంతి రోజుల్లో ప్రవాహం తప్పకుండా ఫలానా వైపే ఉంటుందని ముందుగా రాసిపెట్టుకోవటం కుదరదు. ఒడ్డుకు కిలోమీటరు లోపల, 10 మీటర్ల లోతులో ఆ పెద్ద ప్రవాహం కంటే ఆనాటి గాలి, అలలు ఒడ్డును తాకే కోణం, ఆటుపోట్లు ఎక్కువగా పనిచేస్తాయి. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటుకు ఆటుకు తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది, అష్టమి ప్రాంతంలో బాగా తగ్గుతుంది. మొదటిసారి దిగేవారు అష్టమికి దగ్గరి రోజును ఎంచుకోవటం మంచిది.

నీటి తేట కోసం కూడా కాలం చూసుకోవాలి. అక్టోబర్, నవంబర్ నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన మీదనే తీరం దాటింది. వాన పడిన తర్వాత కొన్ని రోజులపాటు భీమిలి దగ్గర గోస్తని నీరు, ఎర్రమట్టి దిబ్బల మీది నుంచి కొట్టుకువచ్చే మట్టి కలిసి ఆ ప్రాంతమంతా కలకబారి ఉంటుంది. మార్చి తర్వాత నీరు వేడెక్కుతుంది కనుక తేటగా ఉంటుందనుకుంటే అదీ పొరపాటే. వేసవిలో ఒడ్డుకు సమాంతరంగా వీచే నైరుతి గాలి, భూభ్రమణ ప్రభావం కలిసి పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా నెడతాయి. ఆ ఖాళీని పూరించటానికి లోతు నుంచి చల్లని నీరు పోషకాలతో పాటు పైకి వస్తుంది. ఆ పోషకాల వల్ల నాచు మొక్కల కణాలు పెరిగి నీరు పచ్చబడుతుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఆయన శిష్యులు వాల్తేరు తీరంలో దీనిని అధ్యయనం చేశారు. చేపలకు అది పండుగ కాలం, డైవర్ల కంటికి మాత్రం కాదు. మొత్తం మీద డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి వరకు మీకు అనువైన కాలం.

దిగే ముందు ప్రవాహాన్ని మీరే కొలుచుకోండి. పడవను కాసేపు లంగరు వేసి నిలిపి, ముక్కు దగ్గర ఒక కొబ్బరిబోండాం నీటిలో వదలండి. బోండాం చాలావరకు మునిగి తేలుతుంది కనుక దాని మీద గాలి ప్రభావం తక్కువ. 8 మీటర్ల పడవ పొడవును అది 16 సెకన్లలో దాటితే ఒక నాట్, 32 సెకన్లలో దాటితే అర నాట్. ఒక నాట్ దాటితే ఆ రోజు మానుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, వాటి వ్యవధి, ప్రవాహాల ముందస్తు సూచనలు ఇస్తుంది. వాటిలో అల ఎత్తుతో పాటు అలకు అలకు మధ్య సెకన్లను కూడా చూడండి. ఎత్తు తక్కువగా ఉన్నా వ్యవధి 12, 14 సెకన్లు ఉంటే అది దూరం నుంచి వచ్చిన పొడవాటి అల (స్వెల్), దాని ఊపు అడుగు వరకు చేరుతుంది.

ఆ బొరియల పుట్టుక గురించి ఒక్క మాట. మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయి పొరలు పొరలుగా ఉండి, మెత్తబడిన పొర వెంట ముందుగా అరుగుతుంది. మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణాన్ని చూస్తే అలలు రాయిని ఎలా తొలుస్తాయో పొడి నేల మీదనే తెలుస్తుంది. అరుగుతున్న రాయి కప్పు ఎంత గట్టిగా ఉన్నదో దాని కింద దూరే మనిషి చెప్పలేడు.

జవాబు – భీమిలి పడవ సరంగు

బాబూ, మాది వేట చేసుకునే కుటుంబం. ఇప్పుడు డైవింగ్ వారికి కూడా పడవ నడుపుతున్నాను. పడవ సంగతి నాకు తెలిసినంత చెబుతాను.

పడవలో ఒక్కడే ఉంటే చాలదు, ఇద్దరు ఉండాలి. ఒకడు ఇంజను, చుక్కాని చూసుకోవాలి. రెండవవాడు బోయా మీద నుంచి కన్ను తిప్పకూడదు, ఫోను ముట్టకూడదు. పడవ ఎప్పుడూ డైవర్లకు సముద్రం వైపున ఉండాలి, ఒడ్డు వైపున ఉండకూడదు. ఇంజను మొరాయిస్తే ఒడ్డు వైపున ఉన్న పడవను అల తీసుకువెళ్ళి రాళ్ళ మీద వేస్తుంది. దీనిలో ఇంకొక లాభం కూడా ఉంది. పొద్దుటిపూట సూర్యుడు మన వీపు వెనుక ఉంటాడు కనుక ఒడ్డు వైపు చూసే కంటికి బోయా స్పష్టంగా కనిపిస్తుంది, నీటి మీద బుడగలు కూడా తెలుస్తాయి. మధ్యాహ్నం దాటితే ఎండ ఎదురు కొట్టి, గాలి లేచి, తెల్లని నురగలో ఏదీ తెలియదు. కాబట్టి పొద్దున ఆరున్నరకల్లా పడవ కదలాలి, తొమ్మిదికల్లా మీరు పైకి వచ్చేయాలి. డైవర్లు తేలిన తర్వాత ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ ఆగిందని సైగ చేసిన తర్వాతే మీరు నిచ్చెన దగ్గరికి రావాలి.

బోయా విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. మా వలలకు మేము కట్టేది తెల్లటి థర్మోకోల్ ముక్కలు, నూనె డబ్బాలు, వెదురు కర్రకు కట్టిన గుడ్డ జెండాలు. మీరు చిన్న తెల్ల బోయా తెస్తే దూరం నుంచి వచ్చే వేట పడవ దాన్ని వల గుర్తు అనుకుంటుంది. కొందరు ఎవరి వలో చూద్దామని తాడు లాగి కూడా చూస్తారు. మనిషి ఎత్తున నిటారుగా నిలబడే నారింజ రంగు బోయా తీసుకోండి. నీలం తెలుపు జెండా, ఎర్ర జెండా మీద తెల్ల గీత, నీటి కింద డైవర్లు ఉన్నారని చెప్పటానికి మీ పుస్తకాల్లో ఉన్న గుర్తులు. మా ఊళ్ళలో చాలామందికి వాటి అర్థం తెలియదు. ముందు రోజు సాయంత్రం ఆ ఊరి ఒడ్డుకు వెళ్ళి, రేపు ఫలానా రాళ్ళ దగ్గర మనుషులు నీటి కింద ఉంటారని పెద్దలతో చెప్పండి. రాత్రి ఎవరు ఎక్కడ వల వేస్తున్నారో కూడా అప్పుడే తెలుస్తుంది. అంతకంటే మంచి భద్రత మరొకటి లేదు.

రాళ్ళ వరుస మొదలు, చివర పడవ వారికి తెలిసి ఉండాలి. జీపీఎస్ ఉన్నా, మేము ఇప్పటికీ ఒడ్డు మీది రెండు గుర్తులను ఒకే వరుసలోకి తెచ్చుకొని రాతి చోటు పోల్చుకుంటాం. తొట్లకొండ ఒక గుర్తు, దాని ముందు ఒక చెట్టో భవనమో మరొక గుర్తు. బోయా ఆ వరుస దాటి వెళితే డైవర్లు రాళ్ళు వదిలి ఇసుక మీదికి వెళ్ళారని పడవలో ఉన్నవాడికి తెలిసిపోతుంది. బోయా కదలకుండా నిలిచిపోయిందంటే తాడు చిక్కుకున్నట్టు, లేదా ఎవరో ఆగినట్టు. అప్పుడు నాకు గుండె దడ మొదలవుతుంది. కింద గుహలోకి వెళ్ళారో, వలలో పడ్డారో పైన ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకు వేట నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో పడవ మాట్లాడుకునే ముందు అనుమతి సంగతి తేల్చుకోండి. డాల్ఫిన్ నోస్ వైపు మాత్రం ఇలాంటి ప్రయత్నం వద్దు; అక్కడ ఓడరేవు దారి, నౌకాదళం ఆంక్షలు ఉన్నాయి.

సాగర్‌నగర్ వాసి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. బోయా రంగు, పొద్దుటి ఎండ సంగతి మాకు తట్టనే లేదు. ఈ జవాబులన్నీ మా మిత్రుడికి చూపించాను. ఆయన ఒక ప్రశ్న అడిగాడు: మెక్సికోలోని కొజుమెల్‌లో, అమెరికాలోని ఫ్లోరిడాలో ప్రవాహంతో సాగుతూనే పగడపు గుహల్లో నుంచి దూరి వెళ్ళే డైవ్‌లు ప్రతిరోజూ జరుగుతున్నాయి కదా, అక్కడ సరైనది ఇక్కడ ఎందుకు తప్పవుతుంది? ఇంకొక చిన్న సందేహం. లోపలికి వెళ్ళకుండా, సాగిపోతూ బయటి నుంచి టార్చి వేసి చూడటానికి ఏమైనా మార్గం ఉందా?

జవాబు – ఫ్లోరిడాలో ఉంటున్న విశాఖవాసి

మాది ఎం.వి.పి. కాలనీ, ఉద్యోగరీత్యా ఫ్లోరిడాలో ఉంటున్నాను. ఈ రెండు చోట్లా డైవింగ్ చేశాను కనుక మీ మిత్రుడి ప్రశ్నకు జవాబు చెప్పగలనని అనుకుంటున్నాను.

కొజుమెల్‌లోని పలంకార్ దిబ్బ దగ్గర నీటిలో 30 మీటర్ల దూరం వరకు కనిపించటం సాధారణం. గైడు దారిలోకి ప్రవేశించేటప్పుడే దాని అవతలి ద్వారం, ఆ పైన ఉన్న నీలి నీరు, వెనుక వస్తున్న ఆఖరి డైవర్, అందరూ కనిపిస్తారు. ఆ దారులు చాలావరకు పగడపు స్తంభాల మధ్య సందులు. వెడల్పుగా ఉంటాయి, అనేక చోట్ల పైకి తెరుచుకొని ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, బృందమంతా ఒకరి వెనుక ఒకరుగా ఒక వైపు ప్రవేశించి మరో వైపు బయటపడుతుంది, ప్రవాహం కూడా అటే సాగుతుంది. ఒకరు లోపలికి వెళ్ళి మిగిలినవారు బయట వేచి ఉండే పద్ధతి అక్కడ కూడా లేదు. మీ మిత్రుడు వీడియోల్లో చూసినది ఈ సందులనే అయి ఉంటుంది.

ఫ్లోరిడాలోని పామ్ బీచ్ తీరం మన తీరానికి కొంత దగ్గరి పోలిక. అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ ఉత్తరానికి సాగుతూ ఒడ్డుకు బాగా దగ్గరగా వస్తుంది. సుమారు 15 నుంచి 20 మీటర్ల లోతున దిబ్బ అంచు పొడవునా చూరు లాంటి రాతి కప్పులు, వాటి కింద గూళ్ళు ఉంటాయి. నర్స్ షార్కులు, లాబ్‌స్టర్లు వాటి కింద పడుకొని ఉంటాయి. గైడు బోయా లాగుతూ ముందు సాగుతాడు, పడవ దాన్ని అనుసరిస్తుంది. చూరు కింద ఏముందో వంగి చూస్తూ పోవటమే తప్ప, అక్కడ కూడా ఎవరూ ఇరుకు బొరియల్లో దూరరు. చట్టం కూడా డైవర్ల పక్షాన ఉంది. డైవర్ జెండా ఉన్న చోటుకు ఆరుబయటి నీటిలో 300 అడుగుల లోపలికి వచ్చే పడవ నెమ్మదిగా నడవాలి, డైవర్ కూడా తన జెండాకు 300 అడుగుల లోపలే ఉండాలి. పడవలు నడిపే ప్రతివారికీ ఆ జెండా అర్థం తెలుసు. సరంగు గారు చెప్పినట్టు మన దగ్గర ఆ పని ముందు రోజు సాయంత్రం మీరు స్వయంగా ఒడ్డుకు వెళ్ళి చేసుకోవాలి.

కాబట్టి అక్కడ సరైనది ఇక్కడ తప్పు కావటం లేదు. తేటనీరు, వెడల్పైన దారి, అందరూ కలిసి ఒకే దిశలో సాగటం, దారి తెలిసిన గైడు, ఈ నాలుగూ ఉన్నచోట చేసే పని అది. మీరు వర్ణించిన బొరియల దగ్గర వాటిలో ఒక్కటీ లేదు. మన రాళ్ళు అందంలో తక్కువని నేను అనటం లేదు. వాటిని చూసే పద్ధతి వేరు.

జవాబు – డైవింగ్ శిక్షకుడు, రుషికొండ

బయటి నుంచి చూడటానికి మార్గం ఉంది. ప్రవాహానికి అడ్డంగా పెద్ద రాయి ఉన్నచోట, దాని దిగువ వైపున నీరు దాదాపు నిలిచి ఉంటుంది లేదా నెమ్మదిగా వెనక్కి సుడి తిరుగుతుంది. ఆ మరుగులోకి చేరితే ఏదీ పట్టుకోకుండానే కాసేపు ఆగవచ్చు. మీరు చెప్పిన గూళ్ళలో కొన్నింటి నోళ్ళు తప్పకుండా అటువైపు ఉంటాయి. రాతి పైనుంచి దాటేటప్పుడే కొంచెం కిందికి దిగి, ఇసుకకు అర మీటరు ఎత్తున ఉండి ఆ మరుగులోకి తిరగండి. ఇసుకను ఫిన్స్‌తో తాకితే లేచిన మట్టి అక్కడే సుడి తిరుగుతూ ఉండిపోయి, వెనుక వచ్చేవారికి ఏమీ కనిపించదు. టార్చిని నేరుగా చేప కళ్ళలోకి కాకుండా పైకప్పు మీద వేయండి. ఆ వెలుగు కిందికి పరుచుకొని లోపలంతా కనిపిస్తుంది, లయన్‌ఫిష్ కూడా బెదరదు. చేయి మాత్రం నోటి దగ్గర పెట్టకండి. బొరియలో దాగి కరిచే పాములాంటి చేప, మోరే ఈల్, ఎక్కడ ఉన్నదో మీకంటే ముందు మీ వేలికి తెలుస్తుంది, పైగా రాతిలా ఒదిగి కూర్చునే స్కార్పియన్ చేపల ముళ్ళలో విషం ఉంటుంది.

బోయా పట్టుకున్నవారు ముందుగా మరుగులోకి చేరి తాడు కొంత వదిలి నిలిచిన తర్వాతే మిగిలిన ముగ్గురూ ఆగాలి. నలుగురూ ఒకరి చేతికి ఒకరు అందే దూరంలో ఉండి, ఒక్క నిమిషం చూసి, కలిసే బయలుదేరాలి. బోయా నిమిషం పాటు నిలిస్తే ఫరవాలేదని, రెండు నిమిషాలు దాటితే దగ్గరికి రావాలని సరంగు గారితో ఒడ్డు మీదనే మాట అనుకోండి. నాయకుడు ఆగలేకపోయినచోట ఎంత అందమైన గుహ కనిపించినా వదిలేయండి. ఆ చోటును సరంగు గారి కొండ గుర్తులతో రాసుకొని, ప్రవాహం లేని మరో ఉదయం లంగరు వేసి చూడవచ్చు. అలాంటి రోజు చూసి మీ మిత్రుణ్ణి కూడా తీసుకురండి, నేను వెంట వస్తాను.